అద్దె ఇంటి పెరడు ఎవరు చూసుకోవాలి? ముంచింగిపుట్టులో ఈ ప్రశ్నకు ఇంకో లెక్క ఉంది

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు మనం అడిగేవి నాలుగే. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంటు మీటరు వేరేనా. పెరడు గురించి ఎవరూ అడగరు. తాళం చేతికొచ్చి, రెండు నెలలు వానలు పడి, గడ్డి మోకాళ్ల దాకా పెరిగాక అప్పుడు గుర్తొస్తుంది. ఇది కోయించాల్సింది మేమా, ఓనరా? ఆ పనస చెట్టు కాయలు మేం కోసుకోవచ్చా? మేం వేసిన మల్లె పొద ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చా?

చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి. కానీ అడ్వాన్స్‌లో కోతలు పడేది, ఏళ్ల తరబడి ఉన్న మంచి పరిచయం చెడేది చాలాసార్లు ఇలాంటి చోటే. ముంచింగిపుట్టు లాంటి ఊళ్లో అయితే దీనికి ఇంకో చట్టం కూడా వచ్చి కలుస్తుంది. మైదానంలో అలవాటైన పద్ధతిని ఘాట్ రోడ్డు ఎక్కాక కూడా అలాగే నడిపిస్తే ఇబ్బంది మనకే.

ముంచింగిపుట్టు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దున ఉన్న మండలం. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఈ జిల్లా ఏర్పడింది. అంతకుముందు ఇది విశాఖ ఏజెన్సీ. జోలాపుట్ జలాశయం, మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం ఈ వైపే. బదిలీ మీద వచ్చిన టీచర్లు, బ్యాంకు సిబ్బంది, ఆరోగ్య శాఖ ఉద్యోగులు, వ్యాపారం కోసం పైకి వచ్చిన కుటుంబాలు ఇక్కడ అద్దె ఇళ్లలో ఉంటాయి. ఇంటికి ముందో వెనకో కాస్త నేల ఉంటుంది. ఆ నేలలో ఏది పడేసినా మొలుస్తుంది. గుమ్మడి, చిక్కుడు, అల్లం, పసుపు, బొప్పాయి, అరటి ఏదైనా సరే. కింద ఊళ్లలో రెండు కుండీలతో సరిపెట్టుకున్నవాళ్లకు ఇక్కడికి రాగానే చేతులు ఊరికే ఉండవు.

మామూలు లెక్క ఏమిటంటే

ముందు మైదానం సంగతి. విశాఖలోనో అనకాపల్లిలోనో అద్దె తగాదా వస్తే వకీలు తెరిచే పుస్తకాల్లో ఒకటి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్ ఓనరుకు, అద్దెదారుకు ఎవరి బాధ్యత ఎంతో చెబుతుంది. పెరడు అన్న మాట అందులో విడిగా ఉండదు. కానీ పెరటికి సరిపోయే మాటలు చాలానే ఉన్నాయి.

ఇల్లు ఏ స్థితిలో చేతికొచ్చిందో, అదే స్థితిలో తిరిగి ఇవ్వాలి. వాడుకలో సహజంగా వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని ప్రకృతి దెబ్బ మాత్రం దీనికి మినహాయింపు. అంటే శుభ్రంగా ఉన్న పెరడు మన చేతికిస్తే, పిచ్చి మొక్కలతో నిండిన పెరడు తిరిగి ఇవ్వకూడదు. అలాగే అడవిలా ఉన్న పెరడు మనకిచ్చి, ఖాళీ చేసే రోజున తోటలా కావాలని ఓనరు అడగలేడు. తుఫానుకు చెట్టు పడితే అది మన ఖాతాలో రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అరకు, పాడేరు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు ఎన్ని కూలాయో ఇక్కడివాళ్లకు గుర్తే. అలాంటి గాలికి పెరట్లో చెట్టు పడిందని అడ్వాన్స్‌లో కోసుకోవడం కుదరదు.

ఇంటినీ దాని ఫలసాయాన్నీ అద్దెదారు సొంతదానిలా, బుద్ధిగా వాడుకోవచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. కానీ చెట్లు నరికి కలప అమ్మకూడదు. ఇంటికి శాశ్వతంగా నష్టం చేసే పనులు చేయకూడదు. ఓనరు ఒప్పుకోకుండా, వ్యవసాయ అవసరానికి తప్ప, శాశ్వత కట్టడం కట్టకూడదు. కాబట్టి పెరట్లో సిమెంటు తొట్టె కట్టించే ముందు ఒక మాట అడగాలి.

మనం నాటిన మొక్క సంగతికొస్తే, ఇల్లు మన స్వాధీనంలో ఉన్నంత వరకే దాన్ని తీసుకెళ్లే హక్కు. తాళం ఇచ్చేశాక లేదు. తీసుకెళ్తే గుంత పూడ్చి నేల మునుపటిలా చేసి వెళ్లాలి. సామాను లారీ ఎక్కించాక, వారం తర్వాత గులాబీ మొక్క కోసం వస్తానంటే ఓనరు ఒప్పుకుంటేనే. కుండీలకు ఈ గొడవ లేదు, అవి సామాను కిందే లెక్క.

ఈ నియమాలన్నిటికీ ముందు చట్టం ఒక మాట పెట్టింది. వేరే ఒప్పందం గానీ, స్థానిక ఆచారం గానీ లేనప్పుడే ఇవి వర్తిస్తాయని. చాలామంది ఈ ముక్క చదవరు. నోటి మాట కూడా ఒప్పందమే. కాకపోతే రేపు దాన్ని రుజువు చేసుకోవడం కష్టం, అంతే.

ఇంకొంచెం సూటిగా చెప్పింది కేంద్ర నమూనా అద్దె చట్టం. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం దీన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. దాని రెండో షెడ్యూల్‌లో ఎవరి పని ఏదో పట్టిక ఉంది. గోడలు, కప్పు లాంటి నిర్మాణ మరమ్మతులు, సున్నం, పైపులు, వైరింగు ఓనరువి. కుళాయి వాషరు, స్విచ్చులు, కాలువ శుభ్రం అద్దెదారువి. ఆ అద్దెదారు జాబితాలోనే చివర్లో, తనకు అద్దెకిచ్చిన లేదా తాను వాడుకుంటున్న తోట, ఖాళీ స్థలం నిర్వహణ అని రాసి ఉంది. వాడుకుంటున్న అన్న మాట గమనించండి. పెరటికి తాళం వేసి ఓనరు తన సామాను పెట్టుకుంటే, అక్కడ గడ్డి పీకే పని మనది కాదు. ఇద్దరు ముగ్గురు అద్దెదారులు కలిసి తిరిగే వాకిలి ఒక్కరి నెత్తిన పడకూడదు. నమూనా చట్టం నమూనాయే, రాష్ట్రం తీసుకుంటేనే అది చట్టం. అయినా మాట్లాడుకోవడానికి మంచి కొలమానం.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకూ ఇదే తలనొప్పి. ఇంగ్లండ్‌లో 1985 నాటి చట్టం ఇంటి నిర్మాణం, బయటి భాగం మరమ్మతు ఓనరు మీద పెట్టింది. గడ్డి కోయడం, కలుపు తీయడం సాధారణంగా అద్దె అగ్రిమెంటులో అద్దెదారు వంతుగా రాస్తారు. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన కుర్రాళ్లు నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటారు, గడ్డి ఎవరు కోయాలో నలుగురిలో ఎవరికీ తెలియదు.

ఏజెన్సీలో అసలు సంగతి

ముంచింగిపుట్టు మండలం ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ఉంది. ఇక్కడ భూమి విషయంలో పెద్ద చట్టం అందరూ ఒన్ ఆఫ్ సెవెంటీ అనేది. అసలు 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్, 1970లో సవరించింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తిని ఎవరు బదలాయించినా, తీసుకునేది గిరిజనుడు గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం గానీ కాకపోతే అది చెల్లదు. ఇచ్చేది గిరిజనేతరుడైనా అంతే. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. 1997లో సమతా కేసులో, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని చెప్పింది.

మన పెరటికీ దీనికీ సంబంధం ఏమిటంటారా? ఆ రెగ్యులేషన్‌లో రెండు నిర్వచనాలు చూడాలి. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి, వాటి గురించి చేసుకునే ఒప్పందం కూడా. ఇక స్థిరాస్తి అంటే నేల, ఇల్లుతో ఆగదు. నిలబడి ఉన్న పంట, కలప, చెట్లు కూడా అందులోకే వస్తాయి. పెరిగే గడ్డి మాత్రం రాదు.

నెలనెలా అద్దె కట్టి ఉండటం ఊళ్లో రోజూ జరిగేదే. కానీ చట్టం రాతలో లీజు అన్న మాట ఉంది కాబట్టి, మైదానంలోలా పదేళ్లకు అగ్రిమెంటు రాయించుకుని, పెరట్లో కాఫీ, మిరియాలు వేసుకుని, ఇది మా సాగు అనుకోవడం కుదరదు. మన కుటుంబాల్లో గిరిజన హోదా ఉన్నవాళ్లు బహుశా ఉండరు. కాబట్టి ఈ చట్టం ముందు మనం గిరిజనేతరులమే. దానికి తోడు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న స్థిరాస్తి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సింది మనం. ఎదురు తిరిగితే ఖాళీ చేయించడమే కాదు, 1978 సవరణ తర్వాత జైలు, జరిమానా కూడా ఉన్నాయి.

మనల్ని ఇబ్బంది పెట్టడానికి వచ్చిన చట్టం కాదిది. అప్పు ఇచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, కొండ భూములు లాక్కున్న చరిత్ర ఉంది కాబట్టి వచ్చింది. లాక్కున్నవాళ్లు మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు, వడ్డీవాళ్లు. ఇవాళ మనం కొత్తగా పైకి వచ్చి, ఇంటి ఓనరు నేలలో కంచె కాస్త జరిపి నాలుగు చెట్లు పెంచితే, ఆయన కళ్లలో అనుమానం ఎందుకొస్తుందో అర్థం చేసుకోవడం పెద్ద కష్టమేం కాదు.

నాకు తోచినంత వరకు ఏజెన్సీలో పద్ధతి ఇలా ఉంటే మేలు. ఆ సీజనులో అయిపోయే కూరగాయలు, ఆకుకూరలు ఓనరును అడిగి వేసుకోవచ్చు. ఏళ్ల తరబడి నిలిచే చెట్టు నాటాలంటే, ఇది మీ చెట్టే, మేం నీళ్లు పోస్తున్నాం అంతే అని ముందే చెప్పి నాటాలి. కంచె జరపడం, హద్దు రాళ్లు కదపడం అసలు వద్దు. వ్యాపారం కోసమో పెద్ద మొత్తం పెట్టో ఏదైనా కాగితం రాయించుకోవాలనుకుంటే, ముందు పాడేరు వెళ్లి ఐటీడీఏ ఆఫీసులో అడిగి, ఈ చట్టం తెలిసిన వకీలుకు చూపించాలి. స్టాంపు పేపరు దొరికినంత మాత్రాన అందులో రాసింది చెల్లుతుందని కాదు.

చెట్టు మీదే కొనేయడం

ఇంకో అలవాటు ఉంది. పెరట్లోనో పక్కనో చింత, పనస, మిరియాల తీగ ఉంటే, ఓనరుకు కొంత డబ్బు ముందే ఇచ్చి మూడేళ్ల కాపు మాదే అని మాట్లాడుకోవడం. వ్యాపారం చేసేవాళ్లకు ఇది తెలివైన పనిలా కనిపిస్తుంది. నేను కామర్స్ చదివినవాణ్ణి, లెక్క నాకూ అర్థమవుతుంది. కానీ చట్టం ప్రకారం చెట్లు, నిలబడ్డ పంట స్థిరాస్తిలో భాగం. ఏళ్ల ఒప్పందం అంటే ఆ నిర్వచనం దగ్గరకే వెళ్లి నిలబడినట్టు.

దీన్లో కూడా ఇది నిషేధమే. పండు పక్వానికి వచ్చిందని తెలియక ముందే చెట్టు మీద అమ్మడాన్ని రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వద్దన్నారు. రాబోయే ఏళ్ల కాపును ముందే అమ్మడాన్నీ వద్దన్నారు. కాపు రాకపోతే ఇచ్చినవాడి డబ్బు దేనికి బదులు పోయినట్టు? బాగా కాస్తే అమ్మినవాడు నష్టపోయినట్టే. ఇక్కడ ఎక్కువసార్లు నష్టపోయేది డబ్బు అవసరమై ముందే అమ్ముకున్న గిరిజన కుటుంబమే. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది కూడా దళారులకు చవగ్గా అమ్ముకునే ఈ అవస్థను తగ్గించడానికే. కాయలు కావాలంటే పండాక, కోశాక, తూచి కొనుక్కోవచ్చు. దానికి ఏ చట్టమూ అడ్డం రాదు.

ఫిఖహ్ ఏమంటుంది

అద్దె అంటే ఫిఖహ్ భాషలో ఇజారా. మనం కొనుక్కునేది ఇంటి వాడకం, వస్తువు కాదు. కాబట్టి ఇల్లు ఉండటానికి పనికొచ్చేలా నిలబెట్టే ఖర్చు మాలిక్‌ది. వాడకం వల్ల వచ్చే చెత్త, మురికి కిరాయిదారుది. ఇల్లు మన చేతిలో అమానత్. మనం హద్దు మీరకుండా, నిర్లక్ష్యం చేయకుండా ఉంటే, దానంతటది పాడైనదానికి మనం బాధ్యులం కాము. నిర్లక్ష్యం చేస్తే బాధ్యులమే. నమూనా చట్టంలోని పట్టిక దాదాపు ఇదే దారిలో ఉంది.

ఒక్క చోట మాత్రం తేడా వస్తుంది. ఓనరు చెట్టు కాయలు. ఆస్తి బదిలీ చట్టం ఫలసాయం వాడుకోవచ్చని అంటుంది. హనఫీ ఫిఖహ్‌లో, పండు ఒక వస్తువు, అది వాడకం కాదు. కాబట్టి ఇల్లు అద్దెకు తీసుకున్నంత మాత్రాన చెట్టు కాయలు మనవి కావు. మాలిక్ తినమంటేనే హలాల్. అడగడానికి నిమిషం పట్టదు. నలుగురిలో ముగ్గురు, మీరే తినండి, మాకో నాలుగు పంపండి అంటారు. అడగకుండా కోసిన బుట్టెడు కాయల గురించి మాత్రం ఊరంతా మాట్లాడుకుంటుంది.

మనం చెట్టును సాకి కాపులో వాటా తీసుకుంటామంటే దానికీ దారి ఉంది. దాని పేరు ముసాఖాత్. ఖైబర్ తోటలను అక్కడివాళ్లకే అప్పగించి, పండిన దానిలో సగం తీసుకునేలా రసూలుల్లాహ్ (స) ఒప్పందం చేసుకున్నారు. ఇమామ్ అబూ హనీఫా దీన్ని ఒప్పుకోకపోయినా, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఒప్పుకున్నారు, ఫత్వా వాళ్ల మాట మీదే. మైదానంలో తోట ఉన్న ఇల్లు తీసుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. ఏజెన్సీలో మాత్రం పైన చెప్పిన చట్టం సంగతి మరవొద్దు.

నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి సదఖా అన్న హదీసు మనందరికీ తెలుసు. తాను తినకుండా వెళ్లిపోయే అద్దెదారుకు కూడా ఆ పుణ్యం ఉంటుందని చెప్పాల్సిన పని లేదు. ఖాళీ చేసేటప్పుడు కోపంతో చెట్టు మొదట్లో వేడినీళ్లు పోసినవాళ్ల కథలు అక్కడక్కడా వింటుంటాం. అది ఏ పుస్తకంలోనూ సమర్థించుకోలేని పని.

రోజువారీ పనుల్లో

గడ్డి, ఆకులు, కలుపు, నీళ్లు పోయడం, ఇవన్నీ ఉండేవాళ్ల పనే. ఇక్కడ వాన నెలల్లో వారం ఊరెళ్లి వచ్చేసరికే పెరడు మారిపోతుంది. గుబురు పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుండీల కింద పళ్లెంలో, పగిలిన బకెట్‌లో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ గుడ్డు పెడితే, వారం పది రోజుల్లో కొత్త దోమ ఎగురుతుంది. కాబట్టి వారానికోసారి ఆ నీళ్లు ఒంపేయాలి. ఓనరు వచ్చి ఒంపుతాడా?

పెద్ద చెట్టు కొమ్మ రేకుల మీదకు వంగితే, గట్టు వానకు జారితే, ప్రహరీ ఒరిగితే ఓనరు పని. మన పని వెంటనే చెప్పడం. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే తేదీతో సహా ఉంటుంది. చెప్పకుండా నాన్చి, అది కూలాక నాకేం సంబంధం అంటే నిర్లక్ష్యం కిందకొస్తుంది. చెట్టు నరికించాలంటే ఓనరు సరే అన్నా చాలదు. 2002 నాటి వాల్టా చట్టం కింద చాలా చెట్లకు అనుమతి తీసుకోవాలి. ఏజెన్సీలో అటవీ శాఖ చూపు ఇంకా గట్టిగా ఉంటుంది.

డబ్బు సంగతి. ఓనరు అడ్వాన్స్ పది వేలు తీసుకున్నాడనుకుందాం. ఖాళీ చేసే రోజు పెరడు శుభ్రం చేయించడానికి మూడు వేలు కోస్తానన్నాడు. అడగాల్సినవి రెండు. నేను వచ్చిన రోజు పెరడు ఎలా ఉంది? ఇద్దరు కూలీల రోజు పని మూడు వేలా? మొదటిదానికి జవాబు మన దగ్గర ఉండాలి. అందుకే చేరిన రోజే ఇంటిని నాలుగు వైపుల నుంచి వీడియో తీసి, ఎన్ని చెట్లున్నాయి, కంచె ఎక్కడిదాకా ఉంది, గేటు ఎలా ఉంది, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. అది లీజు కాగితం కాదు, ఇంటి స్థితి చిట్టా. అప్పు లావాదేవీలను రాసుకోమని సూరహ్ బఖరాలో అల్లాహ్ చెప్పినప్పుడు చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించొద్దన్నాడు. రెండోదానికి, వెళ్లే ముందు మనమే ఇద్దరు కూలీలను పెట్టి శుభ్రం చేయించుకుంటే ఆ మూడు వేల మాటే రాదు.

ఇక్కడ ఒక మాట. అద్దె మాటలు దుకాణం ముందు మగవాళ్లు మాట్లాడేసుకుంటారు. పెరట్లో పని చేసేది రెండు ఇళ్లలోనూ ఆడవాళ్లు. ఏ చెట్టు ఎవరి అత్తగారు నాటిందో, ఏ మూల పసుపు దుంపలు వదిలేశారో, ఏ చెట్టు దగ్గర వాళ్లు పండగకు పూజ చేసుకుంటారో ఓనరు భార్యకే తెలుస్తుంది. అమ్మీనో, ఇంటావిడనో ఒకసారి వెళ్లి ఆమెతో పెరడంతా నడిచి రమ్మంటే సగం గొడవలు పుట్టవు. పూజ చేసే చెట్టును, రాయిని మాత్రం అస్సలు కదపకూడదు. అది వాళ్లది.

చివరగా, పంట చేతికి రాకముందే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే? బదిలీ ఆర్డర్ వచ్చింది, పందిరి మీద చిక్కుడు ఇప్పుడే పూత వేసింది. గడువు లేని అద్దె మన తప్పు లేకుండా ముగిస్తే, మనం వేసిన పంట కోసుకోవడానికి వచ్చి పోయే వీలు ఆస్తి బదిలీ చట్టం ఇస్తుంది. కానీ అది మైదానంలో వాదించుకునే మాట. ఇక్కడ ఓనరు సరే అంటేనే వచ్చి కోసుకోవాలి. ఫిఖహ్‌లో కూడా దాదాపు అంతే. చెట్టయితే పీకేసుకోవాలి. పీకితే నేల పాడవుతుందంటే దాని వెల కట్టి మాలిక్ ఉంచుకోవచ్చు. పంటయితే కోత దాకా ఉంచి, ఆ రోజులకు ఊళ్లో నడిచే అద్దె ఇవ్వాలి. చిక్కుడు పందిరి కోసం నెల అద్దె ఎవరూ కట్టరు లెండి. వచ్చే కుటుంబానికి అప్పజెప్పి, ఫలానా మూల అల్లం ఉంది, సంక్రాంతి దాటాక తవ్వుకోండి అని చెప్పి తాళం ఇస్తే సరిపోతుంది.